చదివింపుల పుస్తకం

మన పెళ్లిళ్లలో మండపం గుమ్మం దగ్గర చిన్న బల్ల వేసుకుని ఒకాయన కూర్చుంటాడు. ముందు పొడుగాటి పుస్తకం, పక్కన కవర్ల సంచి. ఒకప్పుడు ‘ఫలానా ఊరి ఫలానా వారు, పెళ్లికూతురికి నూటపదహార్లు’ అని మైకులో చదివేవారు. ఇప్పుడు రాసుకుని ఊరుకుంటున్నారు. పెళ్లయ్యాక పందిరి విప్పేస్తారు, పూలు పారేస్తారు, ఆ పుస్తకం మాత్రం బీరువాలోకి వెళ్తుంది. రేపు అవతలివాళ్లింట్లో శుభకార్యమైతే దాన్ని తీసి చూసుకుని, అంతకు తగ్గకుండా చదివించాలి కదా!

ప్రభుత్వాలకూ ఇలాంటి చదివింపులున్నాయి. ఎన్నికలకు ముందు కంపెనీలు, సంఘాలు, ధనవంతులు చదివిస్తారు, గెలిచాక తిరుగు చదివింపు కోసం చూస్తారు. ఇది ఈనాటి ముచ్చట కాదు, ఒక్క దేశానిది అంతకన్నా కాదు. కాకపోతే పెళ్లివారి పుస్తకం పదిమందిలో రాసేది. ప్రభుత్వాల పుస్తకం ఎవరి బీరువాలో ఉంటుందన్నదే అసలు కథ. అందులోంచి కొన్ని పేజీలు...

ఓటుకు అర గ్యాలన్

ఎన్నికల్లో మందు పంచడం మన కనిపెట్టుడు కాదు. అమెరికా జాతిపిత జార్జి వాషింగ్టన్ 1755లో వర్జీనియా చట్టసభకు పోటీచేసి ఓడిపోయాడు. 1758లో మళ్లీ నిలబడ్డాడు. తాను సైన్యంతో ఎక్కడో కోటలో ఉన్నాడు, ఊళ్లో పని మిత్రులు చూసుకున్నారు. రమ్ము, పంచ్, వైను, బీరు, సైడర్ కలిపి 160 గ్యాలన్లు, అంటే మన లెక్కలో దాదాపు 600 లీటర్లు పోయించారు. ఆయనకు పడ్డ ఓట్లు మూడు వందల పైచిలుకు. ఓటర్లకు తిండి, తాగుడు ఇవ్వకూడదన్న చట్టం వర్జీనియాలో అప్పటికే ఉంది! బిల్లు చూశాక ఆయన బాధపడింది ఖర్చు ఎక్కువైందని కాదు, చేయి బిగబట్టి పోశారేమోనని.

హోటల్ లాబీ కథ కల్పితం

‘లాబీయింగ్’ మాట ఎలా పుట్టిందంటే చాలామంది ఒక కథ చెబుతారు. అమెరికా అధ్యక్షుడు గ్రాంట్ సాయంత్రాలు వాషింగ్టన్‌లోని విల్లర్డ్ హోటల్‌లో చుట్ట కాలుస్తూ కూర్చునేవాడనీ, పనులున్నవాళ్లు ఆ హోటల్ లాబీలో కాపు కాసేవారనీ. కథ బాగుంది కానీ నిజం కాదు. గ్రాంట్ అధ్యక్షుడయింది 1869లో. అంతకు కొన్ని దశాబ్దాల ముందే ఈ మాట వాడుకలో ఉంది. చట్టసభ లోపలికి బయటివాళ్లను రానివ్వరు, వాకిట్లో ఆపేస్తారు. ఆ వాకిలే లాబీ. అక్కడ నిలబడి వచ్చేపోయే సభ్యుల్ని పట్టుకునేవాళ్ల వల్లే ఆ పేరొచ్చింది.

గ్రాంట్ కాలంలో మాత్రం ‘లాబీ రాజు’ అని ఒకాయన ఉండేవాడు, శామ్ వార్డ్. ఆయన ఆయుధం లంచం కాదు, విందు. మంచి వంట, మంచి వైను, బల్ల చుట్టూ సరిగ్గా ఎంచుకున్న మనుషులు. భోజనమప్పుడు పని మాట ఎత్తేవాడు కాదట. తిన్నవాళ్లకే గుర్తుండేది.

బ్యాంకుల మీద పార్టీ వేసిన పన్ను

1896 అమెరికా అధ్యక్ష ఎన్నికలో మెకిన్లీ తరఫున మార్క్ హన్నా అనే వ్యాపారి డబ్బు వసూలు చేశాడు. దయతలచి ఇవ్వండని అడగలేదు. బ్యాంకులకైతే పెట్టుబడిలో పావు శాతమని రేటు కట్టాడు. స్టాండర్డ్ ఆయిల్ రెండున్నర లక్షల డాలర్లిచ్చింది. మొత్తం దాదాపు 35 లక్షల డాలర్లు పోగయింది. ప్రత్యర్థి బ్రయాన్ దగ్గర అందులో పావు వంతు కూడా లేదు.

ఇక్కడో తమాషా. 1900లో స్టాండర్డ్ ఆయిల్ మళ్లీ రెండున్నర లక్షలు పంపితే, ‘మీ వాటాకు మించి వచ్చింది’ అంటూ హన్నా 50,000 వెనక్కి పంపేశాడు. విరాళానికి చిల్లర తిరిగి ఇవ్వడం ఎక్కడైనా విన్నారా? ఆ లెక్కలో అది విరాళమే కాదు మరి, పన్ను. ఈ పద్ధతి మీద వచ్చిన ఏవగింపుతోనే 1907లో టిల్‌మన్ చట్టం తెచ్చి, దేశస్థాయి ఎన్నికల్లో అభ్యర్థులకు కంపెనీలు డబ్బివ్వకూడదని నిషేధించారు.

బిరుదులకు ధరల పట్టిక

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్‌లో లాయిడ్ జార్జ్ ప్రధానిగా ఉండగా ‘సర్’ బిరుదు ఖరీదు 10,000 పౌండ్లు. వంశపారంపర్యంగా వచ్చే బారోనెట్ హోదాకు 30,000 పైన. ప్రభువుల సభలో కుర్చీకి 50,000 నుంచి మొదలు. బేరాలు కుదిర్చిన దళారి పేరు మాండీ గ్రెగొరీ. గొడవ ముదిరి 1925లో బిరుదుల అమ్మకాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చారు. దాని కింద శిక్షపడ్డది ఒక్కరికే, 1933లో ఆ గ్రెగొరీకే. రెండు నెలల జైలు, 50 పౌండ్ల జరిమానా. అమ్మినవాడు లోపలికి వెళ్లాడు. కొన్నవాళ్ల పేర్ల ముందు బిరుదులు అలాగే ఉన్నాయి.

టాటాల పిటిషన్, జడ్జి బెంగ

ఇక మన దేశానికి వద్దాం. 1957లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ, పార్టీలకు విరాళాలిచ్చేలా తన నిబంధనావళిని మార్చుకుంటానని బొంబాయి హైకోర్టుకు వచ్చింది. చట్టంలో అడ్డేమీ లేదు కాబట్టి ప్రధాన న్యాయమూర్తి ఎం.సి.చాగ్లా ఒప్పుకోక తప్పలేదు. తీర్పులో మాత్రం తన బెంగ దాచుకోలేదు. ఇది ముందుముందు పెరిగి ప్రజాస్వామ్యం గొంతు నులిమే ప్రమాదమని హెచ్చరించి, ఆలోచించాల్సింది పార్లమెంటేనని అన్నారు.

ఆ మరుసటి ఏడాదే అదే చాగ్లా ముందుకు మరో వ్యవహారం విచారణకు వచ్చింది. హరిదాస్ ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల్లో కొత్తగా పుట్టిన ఎల్ఐసీ కోటిపైగా రూపాయలు పెట్టింది. పాలసీదారుల సొమ్ము ఆయన కంపెనీల్లోకి ఎలా పోయిందని పార్లమెంటులో నిలదీసింది ప్రతిపక్షం కాదు, నెహ్రూ సొంత అల్లుడు ఫిరోజ్ గాంధీ. చాగ్లా విచారణను జనం మధ్యే, బహిరంగంగా జరిపారు. ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు.

తలుపు మూస్తే కిటికీ

1969లో ఇందిరాగాంధీ ప్రభుత్వం కంపెనీ విరాళాలను మొత్తంగా నిషేధించింది. పార్టీలకు ప్రభుత్వమే ఖర్చిస్తుందా అంటే అదీ లేదు. మరి ఎన్నికలు ఆగాయా? ఆగలేదు. చెక్కుల స్థానంలో సూట్‌కేసులొచ్చాయి. 16 ఏళ్ల తర్వాత, 1985లో నిషేధం ఎత్తేసి, సగటు లాభంలో 5 శాతం దాకా ఇవ్వొచ్చన్నారు. 2013లో అది 7.5 శాతమైంది. 2017లో ఆ పరిమితినే తీసేశారు. ఆ తర్వాత ఏడేళ్లపాటు, అంటే 2024 దాకా, నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా చదివించగలిగేది! నష్టాల్లో ఉన్నవాడు ఎవరి డబ్బు ఇస్తున్నట్టు?

అభ్యర్థికి గీత, పార్టీకి లేదు

లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలకు మించి, అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలకు మించి ఖర్చు పెట్టకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇప్పుడున్న గీత ఇదే. మన ఊళ్లో ఎన్నికను ఒక్కసారి కళ్లారా చూసినవాళ్లకు ఈ అంకె చెబితే నవ్వుకుంటారు. అసలు కిటుకు వేరే ఉంది. పార్టీ పెట్టే ఖర్చుకు గీతే లేదు.

1974లో సుప్రీంకోర్టు ఆ గీత గీయబోయింది. ఢిల్లీ సదర్ స్థానానికి సంబంధించిన అమర్‌నాథ్ చావ్లా కేసులో, అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి ఖాతాలోకే వస్తుందంటూ ఆయన ఎన్నిక కొట్టేసింది. తీర్పు వచ్చింది అక్టోబరులో. నెల తిరక్కుండా ఆర్డినెన్సు వచ్చేసి, పార్టీలూ మిత్రులూ పెట్టే ఖర్చు లెక్కలోకి రాదని చట్టాన్నే మార్చేసింది. జనానికి కావలసిన చట్టాలు ఏళ్ల తరబడి కమిటీల్లో నానుతాయి. ఇది మాత్రం రెండు వారాల చిల్లరలో అయిపోయింది.

పాల ధర పెరిగిన 13 రోజులు

డబ్బు ప్రభుత్వ నిర్ణయాన్ని ఎలా కదిలిస్తుందో తేదీలతో సహా దొరకడం అరుదు. అమెరికాలో 1971 మార్చి అలాంటిది.

మార్చి 12: పాల మద్దతు ధర పెంచేది లేదని వ్యవసాయ మంత్రి హార్డిన్ ప్రకటించాడు. వంద పౌన్లకు, అంటే సుమారు 45 కిలోలకు, 4.66 డాలర్ల దగ్గరే ఉంచాడు.
మార్చి 23: పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల నాయకులు వైట్‌హౌస్‌లో నిక్సన్‌ను కలిశారు. ఆయన మళ్లీ ఎన్నికయ్యేందుకు 20 లక్షల డాలర్లు ఇస్తామని వాళ్లు అంతకుముందే మాటిచ్చి ఉన్నారు.
మార్చి 25: మద్దతు ధర 4.93 డాలర్లకు పెరిగింది.

వంద పౌన్లకు 27 సెంట్లే పెరిగింది. దేశమంతా తాగే పాల మీద లెక్కేస్తే ఆ 20 లక్షలు ఓ మూలకు రావు. వాటర్‌గేట్ విచారణలో టేపులు బయటపడ్డాక ఈ కథ లోగుట్టు లోకానికి తెలిసింది. చట్టవిరుద్ధంగా విరాళాలు ఇచ్చినట్టు పెద్ద పాల సంఘం ఒకటి కోర్టులో ఒప్పుకుంది. లంచం పుచ్చుకున్నాడన్న ఆరోపణ మీద మాజీ ఆర్థికమంత్రి కానలీని విచారించిన కోర్టు మాత్రం ఆయన్ని నిర్దోషి అంది. ధర పెంచినందుకే డబ్బిచ్చారని గానీ, డబ్బిచ్చినందుకే ధర పెంచారని గానీ కాగితం మీద ఎవరూ రాయరు. ఈ వ్యవహారాల్లో ఎప్పుడూ తేలనిది అదే.

సభలోనే చెక్కుల పంపకం

1995 వేసవిలో అమెరికా ప్రతినిధుల సభ నడుస్తుండగా, జాన్ బేనర్ అనే సభ్యుడు తోటి సభ్యుల దగ్గరికి వెళ్లి పొగాకు కంపెనీల ఎన్నికల విరాళాల చెక్కులు అందించాడు. బయట కాదు, సభలోనే. తర్వాత ఆయనే ఆ సంగతి ఒప్పుకుని, పొరపాటన్నాడు. అప్పటికి అది నియమాలకు విరుద్ధం కూడా కాదు! బేనర్ 2011లో ఆ సభకే స్పీకర్ అయ్యాడు.

మాత్రల సూట్‌కేసు వెనక

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే మన పెద్దవాళ్ల సూట్‌కేసు తెరిచి చూడండి. ఆవకాయ సీసా, సున్నుండల డబ్బా, వాటి పక్కన ఆరు నెలలకు సరిపడా బీపీ, షుగర్ మాత్రలు. అక్కడ మందుల ధరలు ఎందుకలా మండిపోతాయో చెప్పే కారణాల్లో ఒకటి 2003 నవంబరులో ఒక రాత్రి జరిగింది.

వృద్ధులకు ప్రభుత్వమే మందుల బీమా ఇవ్వాలన్న బిల్లు అది. అందులో చిన్న షరతు: మందుల ధర తగ్గించమని ప్రభుత్వం కంపెనీలతో బేరమాడకూడదు. కోట్లమందికి కొనే పెద్ద గిరాకీ బేరమాడకూడదట! తెల్లవారుజామున మూడింటికి ఓటింగు మొదలైంది. మామూలుగా పదిహేను నిమిషాల్లో ముగియాలి. అవసరమైన ఓట్లు సమకూరే దాకా దాదాపు మూడు గంటలు తెరిచి ఉంచారు. బిల్లును నడిపించినవాళ్లలో ముఖ్యుడు, ఈ వ్యవహారాలు చూసే సభా కమిటీ అధ్యక్షుడు బిల్లీ టౌజిన్. 2005 జనవరిలో ఆయన సభ వదిలి, మందుల కంపెనీల సంఘానికే అధిపతిగా చేరాడు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగే ఇలాంటి రాకపోకలను అక్కడివాళ్లు గిరగిరా తిరిగే తలుపుతో పోలుస్తారు.

ప్రభుత్వం బేరమాడవచ్చని చట్టం మారింది 2022లో. అదీ మొదట పది మందులకే. ఆ కొత్త ధరలు అమల్లోకి వచ్చింది 2026 జనవరిలో. ఒక్క రాత్రి వేసిన ముడి విప్పడానికి 22 ఏళ్లు పట్టింది.

ఒక సినిమా, ఒక ప్రశ్న

2008 ఎన్నికల ముందు హిల్లరీ క్లింటన్‌ను తిడుతూ ‘సిటిజన్స్ యునైటెడ్’ అనే సంస్థ ఒక సినిమా తీసింది. ఎన్నికల వేళ సంస్థల డబ్బుతో ఇలాంటివి టీవీలో చూపకూడదని చట్టం. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. విచారణలో ఒక న్యాయమూర్తి ప్రభుత్వ లాయరును ఇరకాటంలో పెట్టారు: ఇదే మాట పుస్తకంగా వేస్తే దాన్నీ ఆపుతారా? సంస్థ డబ్బుతో వేస్తే ఆపవచ్చన్నట్టు జవాబొచ్చింది. కోర్టు హాలులో గాలి అక్కడే మారిపోయిందంటారు.

2010 జనవరి 21న 5–4 తేడాతో తీర్పు: అభ్యర్థితో కలిసి పథకం వేసుకోకుండా, విడిగా ఖర్చు పెట్టే సంస్థలకు హద్దు పెట్టడం వాక్‌స్వాతంత్ర్యానికి భంగం. కొద్ది నెలల్లోనే ‘సూపర్ ప్యాక్’లు పుట్టుకొచ్చాయి. వీటికి ఎంతైనా ఇవ్వొచ్చు, ఎంతైనా ఖర్చు పెట్టొచ్చు, అభ్యర్థితో మాత్రం మాట్లాడుకోకూడదు. ఇదెంత ఉత్తుత్తి గోడో చూపించడానికి టీవీ హాస్యనటుడు స్టీఫెన్ కోల్బేర్ 2011లో నిజంగానే ఒక సూపర్ ప్యాక్ పెట్టాడు. నవ్వుతూ నవ్వుతూనే జనం దాంట్లో పది లక్షల డాలర్లకు పైగా వేశారు. 2024కు వచ్చేసరికి ఎలాన్ మస్క్ ఒక్కడే 25 కోట్ల డాలర్లకు పైగా పెట్టాడు.

జెండా పట్టొచ్చు, డాలరు ఇవ్వకూడదు

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అమెరికా ఎన్నికల్లో విరాళం ఇవ్వగలిగేది పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు మాత్రమే. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లు ఇవ్వకూడదు, ఇరవై ఏళ్లుగా పన్నులు కడుతున్నా సరే. జీతం తీసుకోకుండా ప్రచారంలో పనిచేయడానికి మాత్రం అడ్డులేదు. పౌరుడైనా ఒక అభ్యర్థికి ఒక ఎన్నికలో నేరుగా ఇవ్వగలిగేది 2025–26 లెక్కన 3,500 డాలర్లే.

ఇటువైపు చూస్తే బొమ్మ తిరగబడుతుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి ఇక్కడి పార్టీకి ఇవ్వవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నయ్య, ఓసీఐ కార్డు జేబులో ఉన్నా, ఇవ్వకూడదు. చట్టానికి ఆయన విదేశీయుడు.

మన సంగతి వాళ్ల కాగితాల్లో

2012 డిసెంబరులో మన పార్లమెంటు దద్దరిల్లింది. 2008 నుంచి లాబీయింగ్‌కు దాదాపు రెండున్నర కోట్ల డాలర్లు ఖర్చయిందనీ, ఆ పనుల జాబితాలో భారత్‌లో పెట్టుబడికి దారి సుగమం చేసుకోవడం కూడా ఉందనీ వాల్‌మార్ట్ రాసిచ్చిన కాగితం బయటపడింది. రాసిచ్చింది మనకు కాదు, అమెరికా సెనేటుకు. అక్కడ 1995 నాటి చట్టం ప్రకారం లాబీయిస్టులు పేరు నమోదు చేసుకోవాలి, ఎవరి కోసం, ఏ విషయం మీద, ఎంత ఖర్చుతో పనిచేశారో మూడు నెలలకోసారి చెప్పాలి. మన దగ్గర విచారణ కమిటీ వేశారు గానీ అలాంటి చట్టం నేటికీ లేదు. మన దగ్గర లాబీయింగ్ లేదని ఎవరైనా అంటారా? దానికి పుస్తకం లేదు, అంతే.

42 ఏళ్లు వెనక్కి వెళ్లిన సవరణ

విదేశీ సంస్థల నుంచి విరాళాలు పుచ్చుకుని బీజేపీ, కాంగ్రెస్ రెండూ చట్టాన్ని ఉల్లంఘించాయని 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. తర్వాతేమైంది? 2016 ఆర్థిక చట్టంలో ‘విదేశీ సంస్థ’ నిర్వచనాన్నే మార్చి, ఆ మార్పు 2010 నుంచే ఉన్నట్టు రాశారు. పాత విరాళాలు 2010కి ముందువని గుర్తొచ్చి, 2018లో మరోసారి దిద్ది 1976 ఆగస్టు దాకా వెనక్కి తీసుకెళ్లారు. రోజూ కొట్టుకునే రెండు పార్టీలకూ ఇందులో పేచీ రాలేదు. ఆ ఏడాది ఆర్థిక బిల్లు లోక్‌సభలో చర్చే లేకుండా గట్టెక్కింది.

నీలి వెలుగులో కనిపించిన అంకెలు

ఇక చదివింపుల పుస్తకంలో అసలు పేజీ. 2018 జనవరిలో ఎన్నికల బాండ్లు వచ్చాయి. వెయ్యి, పదివేలు, లక్ష, పది లక్షలు, కోటి రూపాయల విలువల్లో 29 స్టేట్ బ్యాంకు శాఖల్లో అమ్మారు. కొన్నవాళ్ల పేరు బాండు మీద ఉండదు, పదిహేను రోజుల్లో పార్టీ దాన్ని మార్చుకోవాలి. నల్లధనం పోయి తెల్లధనం వస్తుందనీ, ఎవరు ఎవరికిచ్చారో మూడోవాడికి తెలియదు కాబట్టి దాతలకు వేధింపులుండవనీ ప్రభుత్వం చెప్పింది. రిజర్వు బ్యాంకూ, ఎన్నికల సంఘమూ 2017లోనే అభ్యంతరాలు రాశాయి. విన్నవాళ్లు లేరు.

2018 ఏప్రిల్‌లో పూనమ్ అగర్వాల్ అనే విలేకరి రెండు వెయ్యి రూపాయల బాండ్లు కొని ప్రయోగశాలకు పంపారు. మామూలు వెలుతురులో కాగితం మీద ఏమీ లేదు. అతినీలలోహిత కాంతి కింద పెట్టగానే కుడిచేతి పై మూలన అక్షరాలు, అంకెలు మెరిశాయి. ప్రతి బాండుకూ వేరే నంబరు! దొంగ బాండ్లు రాకుండా ఆ జాగ్రత్త అంది ప్రభుత్వం. పార్టీకి డబ్బు ఎక్కణ్నించి వచ్చిందో ఓటరుకు తెలియాల్సిన పనేముందని 2019లో అటార్నీ జనరల్ కోర్టులోనే వాదించారు.

ఇక్కడ ఆగి మన పెళ్లి బల్ల తలచుకోండి. కవరు మీద పేరు రాయకపోయినా, ఇచ్చేవాడు పెళ్లికొడుకు తండ్రి చెవిలో చెప్పకుండా పోతాడా? బాండు ఇచ్చినవాడికి తెలుసు, పుచ్చుకున్నవాడికి తెలుసు. నంబర్లు ప్రభుత్వ బ్యాంకు దగ్గరున్నాయి. అజ్ఞాతం ఎవరి నుంచి? బంతిలో కూర్చున్న మన నుంచే.

2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఈ పథకాన్ని కొట్టేసింది. సమాచారం తెలుసుకోవడం ఓటరు హక్కంది. కంపెనీలు ఎంతైనా ఇవ్వొచ్చన్న సవరణ కూడా చెల్లదంది. వివరాలు సరిచూసేందుకు జూన్ 30 దాకా గడువు కావాలని స్టేట్ బ్యాంకు అడిగింది. ఎన్నికలు అయిపోయాక అన్నమాట. మార్చి 11న కోర్టు కుదరదంది. మర్నాటికే జాబితాలు ఎన్నికల సంఘానికి చేరిపోయాయి! మార్చి 21న ఆ రహస్య నంబర్లూ బయటకొచ్చాయి.

హైదరాబాద్ పేజీ

ఆరేళ్లలో 30 విడతల్లో అమ్ముడైన బాండ్లు 16,518 కోట్ల రూపాయలవి. 2019 ఏప్రిల్ నుంచి బయటపడ్డ లెక్కల్లో బీజేపీకి 6,060 కోట్లు, దాదాపు సగం. తెలుగు నేల పార్టీల్లో బీఆర్ఎస్‌కు 1,214 కోట్లు, వైఎస్సార్‌సీపీకి 337 కోట్లు, తెలుగుదేశానికి 218 కోట్లు. ఒకే రాష్ట్రంలో పుట్టిన బీఆర్ఎస్, దేశమంతా ఉన్న కాంగ్రెస్‌కు దాదాపు 200 కోట్లే వెనక. ఆ రోజుల్లో అది తెలంగాణలో అధికారంలో ఉంది. కొన్నవాళ్లలో లాటరీల వ్యాపారం చేసే ఫ్యూచర్ గేమింగ్‌ది 1,368 కోట్లతో మొదటి స్థానం. రెండోది మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగ్, 966 కోట్లు. పథకాన్ని సవాలు చేస్తూ కోర్టుకెక్కినవాళ్లలో ఉన్న సీపీఎం ఒక్క బాండూ తీసుకోలేదు.

ఎవరి బాండుకు ఏ కాంట్రాక్టు తిరుగు చదివింపో, ఎవరు సోదాలకు భయపడి కొన్నారో విచారించాలని కొందరు మళ్లీ కోర్టుకు వెళ్లారు. ప్రత్యేక దర్యాప్తుకు 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పేర్లు తెలిశాయి, బాకీలు తెలియలేదు.

బీడీ కట్ట మీద బొమ్మ

ఒత్తిడి బృందాలంటే సూటూబూటూ వాళ్లే అనుకోకండి. సిగరెట్ పెట్టెల మీదా బీడీ కట్టల మీదా 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నిబంధన 2015 ఏప్రిల్ 1న రావాల్సింది. పార్లమెంటరీ కమిటీ ఒకటి అభ్యంతరం చెప్పడంతో ఆగింది. పొగాకుతో క్యాన్సర్ వస్తుందనడానికి మన దేశపు అధ్యయనాల్లేవని దాని అధ్యక్షుడు దిలీప్ గాంధీ అన్నారు. ఆ కమిటీలో ఒక సభ్యుడు శ్యామాచరణ్ గుప్తా స్వయానా బీడీల వ్యాపారి! బొమ్మ ఏడాది ఆలస్యంగా, 2016 ఏప్రిల్‌లో వచ్చింది.

బీడీ యజమానులు ఎప్పుడూ ముందుకు నెట్టేది కార్మికుల్ని. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్ల అరుగుల మీద చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని వెయ్యి బీడీలకింతని చుట్టే ఆడవాళ్ల బతుకు అబద్ధం కాదు. వాళ్లకు తెలంగాణ ప్రభుత్వం జీవనభృతి ఇస్తోందంటేనే ఆ పనిలో ఎంత మిగులుతుందో తెలుస్తుంది. బొమ్మ వద్దని వాళ్ల పేరు చెప్పినవాళ్లు, కూలి పెంచాలన్నప్పుడు ఆ పేరు ఎత్తరు.

డబ్బు లేని ఒత్తిడి

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా దుకాణాన్ని ఆడవాళ్లు మూయించారు. చదువు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చినవాళ్లే, రోశమ్మ లాంటివాళ్లు, ముందు నిలిచారు. అవతల సారా కాంట్రాక్టర్లు, వాళ్ల డబ్బు, వాళ్ల మనుషులు. సారా వేలం పాటల ఆదాయం మీద ఆధారపడిన ప్రభుత్వం. ఊరినుంచి ఊరికి పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో దాన్ని సడలించారు, అదీ చెప్పుకోవాలి. ఖజానాకూ వ్యాపారానికీ ఓపిక ఎక్కువ. జనం ఇంటికి వెళ్లేదాకా ఆగుతాయి.

చివరి పేజీ

నామినేషన్‌తోపాటు ప్రతి అభ్యర్థీ ఆస్తులు, అప్పులు, కేసులు రాసిస్తున్నాడు కదా. అది ఏ ప్రభుత్వమూ దయతో ఇచ్చింది కాదు. 2002లో సుప్రీంకోర్టు ఆదేశిస్తే, పార్టీలన్నీ కలిసి చట్టం మార్చి దాన్ని నీరుగార్చాయి. మళ్లీ కోర్టుకు వెళ్లిన మూడు సంస్థల్లో ఒకటి మన లోక్‌సత్తా. 2003 మార్చిలో ఆ సవరణ వీగిపోయింది.

ఇప్పుడు ఆ అఫిడవిట్లు, 20,000 రూపాయలకు మించి విరాళమిచ్చినవారి పేర్లతో పార్టీలిచ్చే జాబితాలు ఎన్నికల సంఘం దగ్గర ఎవరైనా చూడవచ్చు. చదివింపుల పుస్తకం మొత్తం కాదు, కొన్ని పేజీలే. ఈసారి మీ ఊరి రోడ్డు కాంట్రాక్టు ఎవరికొచ్చిందో బోర్డు మీద చదివినప్పుడు, ఆ పేరు జాబితాలో ఉందేమో వెతకండి. పెళ్లివారికి ఆ అలవాటు ఎప్పటినుంచో ఉంది. నేర్చుకోవాల్సింది మనమే.